రాజుగారి బండి ఎక్కడ ఆగింది?

పోయినవారం పెద్దకోడల్ని పీట మీంచి లేపి నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆమె వారమంతా అలాగే నిలబడి ఉంది. ముందు ఆమె సంగతి చూద్దాం.

మధ్యలో వచ్చి చేరినవారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఇది బడి పుస్తకాలు బైండింగ్ చేసే షెడ్డు. దానికి యజమానురాలు అత్తగారు. ఆవిడ పెద్దకోడలు పెళ్ళికి ముందు ఆగిపోయిన చదువును మళ్ళీ పట్టుకుని, పదో తరగతిలో ఒక్కో సబ్జెక్టే గట్టెక్కుతూ వచ్చి, సాంఘిక శాస్త్రం దగ్గర ఆగింది. అదొక్కటీ పాసైతే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఆమెదే. ప్రెస్సు యజమాని మాటిచ్చాడు కూడా. పరీక్ష వచ్చే సోమవారం. అయితే బడులు తెరిచే ముందు వారం అది. షెడ్డులో తల గోక్కోవడానికి కూడా తీరిక ఉండని వారం. సెలవు అడిగితే అత్తగారు కాదనలేదు, అవుననలేదు. చేతిలోని, మడతలు రుద్దే చెక్కబద్దను బల్ల మీద పెట్టి అందరూ వినేలా ఒక మాట అంది. "ఐదు ప్రశ్నలు అడుగుతాను. నాలుగింటికి సరిగ్గా చెప్పావా, సోమవారం నీ పీట మీద నేను కూర్చుంటాను. చెప్పలేకపోయావా, వచ్చే ఏడాది చూసుకుందువుగాని."

పెద్దకోడలు ఒప్పుకుంది. అత్తగారికి ముక్కు మీద కోపమే కానీ, ఇచ్చిన మాట మీద నిలబడే మనిషని ఆమెకు తెలుసు. పైగా ఈ ప్రశ్నలంటే ఆమెకు భయం లేదు. నెల రోజులుగా షెడ్డంతా కలిసి చదువుతున్న పాఠాలే కదా అని ఆమె ధీమా.

ఆ చదువు సంగతి కూడా చెప్పాలి. ఈ ఏడాది పుస్తకం మార్చారు. పరీక్ష కొత్త పుస్తకం మీద. ఆ పుస్తకం అంగడికి వచ్చేది మాత్రం బడులు తెరిచాక, అంటే పరీక్ష అయిపోయాక. ఇంత తెలివైన ఏర్పాటు ఒక్క మనిషి వల్ల కాదు, దానికి కమిటీ ఉండాల్సిందే. ఈ లోగా ఆ పుస్తకం కాగితాల రూపంలో ఉన్నది ఇలాంటి షెడ్లలోనే. ప్రెస్సు నుంచి ఫారాలుగా వస్తుంది. పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతుంది, అదొక ఫారం. అలాంటి ఫారాలు వరసగా పేర్చి, కుట్టి, అట్ట అంటిస్తే పుస్తకం. ఒక్క కాగితం కూడా షెడ్డు గుమ్మం దాటి బయటికి పోకూడదని ప్రెస్సువాళ్ళ కట్టడి.

బయటికి పోకూడదన్నారు గానీ చదవకూడదని ఎవరూ అనలేదు. జిగురు పూసే ఆవిడను అందరూ జిగురక్క అంటారు. జిగురు ఆరేదాకా ఆమె చేతులు ఖాళీ. అందుకని ఆమె ఒక ఫారం తీసుకుని గట్టిగా చదువుతుంది, మిగతావాళ్ళు మడతలు పెడుతూ వింటారు. పాఠం చివర ప్రశ్నలు వచ్చినప్పుడు బల్ల చుట్టూ వాదనలు మొదలవుతాయి. పెద్దకోడలు నేర్చుకున్న ప్రపంచ చరిత్ర అంతా అలా చెవులతో నేర్చుకున్నదే. మంచి చదువే అది. చేతులు పనిలో ఉంటే మనసు మాట వింటుంది.

సరే, పరీక్ష మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. బయట ప్రెస్సు వ్యాను హారన్ కొడుతోంది. షెడ్డు వెనక భాగంలో మామగారు కటింగ్ మిషన్ దగ్గర అట్టలు కోస్తున్నాడు. మిషన్ చప్పుడులో ముప్పై ఏళ్ళు గడిపిన ఆయన మాట్లాడటం దాదాపు మానేశాడు. ఎవరి చేతులూ ఆగలేదు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

అత్తగారు ఒక ఫారం విప్పి, కళ్ళజోడు సవరించుకుని మొదటి ప్రశ్న అడిగింది. ప్రజాస్వామ్యం అనగానేమి? పెద్దకోడలు తడుముకోకుండా చెప్పింది. ప్రజలే తమ ప్రతినిధుల్ని ఎన్నుకుంటారని, నచ్చకపోతే మార్చుకుంటారని, ఒకరికి ఒకటే ఓటని చెప్పింది. అత్తగారు తల పంకించింది. రెండోది పారిశ్రామిక విప్లవం మొదట ఎక్కడ వచ్చింది, ఎందుకు వచ్చింది. ఇంగ్లండులో అని చెప్పి, బొగ్గు, ఇనుము, సముద్ర వ్యాపారం, పల్లెలు వదిలి పట్నాలకు వచ్చిన కూలీలు, అన్నీ వరసపెట్టి చెప్పింది. జిగురక్క తన పిల్లకే మార్కులు వచ్చినట్టు మురిసిపోయింది.

మూడో ప్రశ్న వినగానే బల్ల చుట్టూ నవ్వులు విరిశాయి. ఫ్రాన్సు రాజు పారిపోవుటకు చేసిన ప్రయత్నము ఏమైనది? అది షెడ్డులో అందరికీ ఇష్టమైన ఘట్టం. పెద్దకోడలు కూడా నవ్వుతూనే చెప్పింది. రాజు వేషం మార్చుకుని భార్యాపిల్లలతో బండెక్కాడు. బండి సరిహద్దుకు దగ్గరవుతూ ఉండగా కార్మికులు పనిగంటలు తగ్గించాలని గట్టిగా పట్టుబట్టారు. చివరికి ప్రభుత్వం దిగివచ్చింది.

ఇక్కడ జిగురక్క ఆగలేక అందుకుంది. కార్మికులు బండికి అడ్డంగా పడుకున్నారని, రాజు బండిలోంచే సంతకం పెట్టాడని ఆమె వ్యాఖ్యానం. అది పుస్తకంలో లేదు కానీ, విన్నవాళ్ళందరికీ కళ్ళకు కట్టింది. పోయిన నెల ఇదే ఘట్టాన్ని ఉదాహరణగా చూపించి, శనివారాలు అరగంట ముందు వదిలేయమని వీళ్ళంతా అత్తగారిని అడిగారు కూడా. రాజే ఒప్పుకున్నాక తనెంత అనుకుందో ఏమో, ఆవిడా ఒప్పుకుంది.

అత్తగారికీ ఆ జవాబు సరైనదే అనిపించింది. సరే అనబోతూ, అలవాటుగా పేజీ అడుగున అంకె చూసింది. పేజీలు వరసలో ఉన్నాయో లేదో చూడటం ఈ షెడ్డులో ఆవిడ పని. ఏ కాగితం చేతికొచ్చినా ముందు కళ్ళు ఆ మూలకే పోతాయి. రాజు బండెక్కిన పేజీ నలభై ఎనిమిది. ఆ తర్వాత చదివిన ఫారం తీసి చూస్తే, కార్మికులు పట్టుబట్టిన పేజీ అరవై ఐదు.

ఆవిడ ఆ రెండు అంకెలూ పైకి చదివింది. మడతలు పెడుతున్న చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. జిగురక్క ముఖం చూడాలి మీరు. మూడో ఫారం ఒకరోజు చదివి, మర్నాడు అయిదో ఫారం అందుకుంది ఆమె. మధ్యలోని నాలుగో ఫారం ఈ షెడ్డుకు రాదని తెలియక కాదు, తెలుసు. వాక్యం ఎక్కడా తట్టుకోకుండా అతుక్కుపోయింది, ఎవరికీ అనుమానం రాలేదు. జిగురు పని చేసేవాళ్ళ చదువు కూడా అలాగే ఉంటుంది కాబోలు.

"తప్పు," అంది అత్తగారు. తర్వాత బల్ల చుట్టూ ఒకసారి చూసి, "ఆ శనివారం అరగంట సంగతి కూడా చూడాలి," అంది. అందరూ తలలు వంచుకుని మడతల్లో పడ్డారు.

పెద్దకోడలి నోరు ఊరుకోలేదు. మధ్య పేజీలు అత్తయ్య కూడా చూడలేదు కదా, నిజంగానే కార్మికులు ఆపారేమో, తప్పని ఎలా చెబుతారని అడిగింది. తప్పన్నానంటే తప్పే అని అత్తగారు ఆ మాట అక్కడికి తుంచేసి, విసురుగా కాగితం తిప్పి, కంటబడిన మొదటి ప్రశ్న చదివేసింది. పౌరశాస్త్రంలోది. ప్రభుత్వ అధికారమును మూడు శాఖలుగా ఎందుకు విభజించెదరు? ఉదాహరణతో వివరింపుము.

చట్టాలు చేసేది శాసనశాఖ, అమలు చేసేది కార్యనిర్వాహకశాఖ, తీర్పు చెప్పేది న్యాయశాఖ అని పెద్దకోడలు చెప్పింది. మూడూ ఒకరి చేతిలోనే ఉంటే మిగతావాళ్ళకు దిక్కుండదు కాబట్టి విడదీశారని చెప్పింది. అక్కడితో ఆపింది.

"ఉదాహరణ?" అంది అత్తగారు.

పుస్తకంలో ఉదాహరణ లేదు. పెద్దకోడలి మనసులో ఒకటి ఉంది, కానీ అది పైకి అనేది కాదు. అనకపోతే మార్కు పోతుంది, మార్కు పోతే ఏడాది పోతుంది, ఏడాది పోతే ప్రెస్సువాడు ఇంకొకర్ని చూసుకుంటాడు.

"ఉదాహరణకి మన షెడ్డే ఉంది కదా అత్తయ్యా," అంది మెల్లగా. "ఐదు ప్రశ్నలని నియమం పెట్టింది మీరు. అడుగుతున్నది మీరు. తప్పో ఒప్పో చెబుతున్నది మీరు. నేను పరీక్షకి వెళ్తే ఇబ్బందిపడేది కూడా మీరే. ఇలా ఉండకూడదనే మూడు శాఖలు పెట్టారు."

మామగారు మిషన్ ఆపేశాడు. అత్తగారి ముఖం ముందు ఎర్రబడింది, తర్వాత మామూలైంది, తర్వాత ఆలోచనలో పడింది. ఆవిడకు తన గురించి ఒక గర్వం ఉంది. తనంత న్యాయంగా పంచిపెట్టే మనిషి ఇంకొకరు లేరని. ఇప్పుడు ఆ గర్వం మీదే దెబ్బ తగిలింది. కోపం తెచ్చుకుంటే కోడలు చెప్పింది నిజమేనని ఒప్పుకున్నట్టవుతుంది. ఆవిడ తిరిగి భర్త వైపు చూసింది.

"జవాబు సరైనదేనా?" అని అడిగింది. ముప్పై ఏళ్ళలో ఒక విషయం మీద ఆయన అభిప్రాయం అడగడం అదే మొదటిసారి అని అక్కడున్నవాళ్ళు తర్వాత చెప్పుకున్నారు.

మామగారు సరైనదే అన్నట్టు తల ఊపాడు.

అయితే మూడు సరి. మూడో ప్రశ్న తేలాలి, ఐదోది మిగిలి ఉంది. మూడోదాని మీద తీర్పు తను చెప్పనని అత్తగారు పంతం పట్టింది. మరి ఎవరు చెబుతారు? బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు చెబుతామంటే వాళ్ళకు శనివారం అరగంట మీద ప్రేమ. జిగురక్కది అసలే సొంత కథ. ఎవరు చెప్పినా ఒక తగాదా ఉంది. అప్పుడు మామగారు తల ఊపడంతో ఆగక, అదేరోజు నోరు కూడా విప్పాడు.

"ఆ పేజీలు ఎదుటి షెడ్డులో ఉన్నాయి."

ఎదుటి షెడ్డు పేరెత్తడం ఈ షెడ్డులో నిషేధం. అక్కడి యజమానురాలు అత్తగారి సొంత చెల్లెలు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే బల్ల దగ్గర పనిచేసి, బల్ల దగ్గర ఎవరి మాట చెల్లాలనే దాని మీద విడిపోయారు. ప్రెస్సువాడు ఇద్దరికీ పని పంచాల్సి వచ్చింది. మొదటి సగం అక్కకిస్తే చెల్లెలు అలిగింది, చెల్లెలికిస్తే అక్క అలిగింది. అతనికి తల ప్రాణం తోకకొచ్చి, బేసి ఫారాలు అక్కకు, సరి ఫారాలు చెల్లెలికి ఇచ్చి, చివర్న అన్నీ కలిపి కుట్టే పని ప్రెస్సులోనే పెట్టుకుని చేతులు దులుపుకున్నాడు. అప్పటి నుంచి ప్రపంచ చరిత్ర ఈ వీధిలో రెండు షెడ్లుగా నడుస్తోంది. అక్క అటు గుమ్మం తొక్కలేదు, చెల్లెలు ఇటు తొక్కలేదు.

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తర్వాత వీధిలోకి నడిచింది. వెనకాలే పెద్దకోడలు.

వీధి ఎంతో లేదు, వ్యాను ఒకటి అడ్డంగా నిలబడితే నిండిపోయేంత. ఎదుటి షెడ్డు కూడా ఇలాంటిదే. అదే పొడుగు బల్ల, అదే జిగురు వాసన. చెల్లెలు, అంటే పెద్దకోడలికి చిన్నత్తగారు, బల్ల తలాపున కూర్చుని మడతలు పెడుతోంది. గుమ్మంలో అక్కను చూసి, చూడనట్టే ఇంకో మడత పెట్టింది.

"నలభై తొమ్మిదో పేజీ కావాలి," అంది అత్తగారు. ఇన్నేళ్ళ తర్వాత పలకరింపు అది.

చిన్నత్తగారు ఫారం తీసి ఇచ్చింది. అత్తగారు అక్కడే నిలబడి పైకి చదివింది. ఒక చిన్న ఊళ్ళో రాజును గుర్తుపట్టారు. బండిని ఆపేశారు. కుటుంబంతో సహా కాపలా పెట్టి రాజధానికి వెనక్కి తీసుకొచ్చారు. కార్మికులూ లేరు, పనిగంటలూ లేవు. మూడో జవాబు తప్పే. పెద్దకోడలు కళ్ళు దించుకుంది. ఇక ఉన్నది ఐదో ప్రశ్న ఒక్కటే.

"అక్కా, ఒకటి అడగనా?" అంది చిన్నత్తగారు, కాగితాల మీంచి తల ఎత్తకుండానే. "అసలు ఆ రాజు ఎందుకు పారిపోతున్నాడు? మా దగ్గర పేజీ తెరిచేసరికే బండిలో ఉన్నాడు. మావాళ్ళంతా దొంగేమో అనుకుంటున్నారు."

అత్తగారికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. దొంగ కాదే అని మొదలుపెట్టి, ఖజానా ఖాళీ అయిన సంగతి, రొట్టె ధర మండిపోయిన సంగతి, పన్నులన్నీ లేనివాళ్ళ నెత్తినే పడ్డ సంగతి, జనం కోటగోడలు పడగొట్టిన సంగతి చెప్పుకొచ్చింది. ఆవిడ ఇంత బాగా కథ చెబుతుందని పెద్దకోడలికి ఇన్నేళ్ళూ తెలియదు. ఎదుటి షెడ్డు ఆడవాళ్ళు మడతలు ఆపి విన్నారు. చిన్నత్తగారు వాళ్ళను కసురుకోలేదు, తనూ వింటోంది కాబట్టి. పెద్దకోడలికి తన పరీక్ష సంగతి కాసేపు మరుపుకొచ్చింది. అక్కాచెల్లెళ్ళు ఒకే కథలో ఉన్నందుకు ఆమెకు నిజంగా సంతోషం వేసింది.

కథ అయిపోగానే అత్తగారికి తనెక్కడుందో గుర్తొచ్చింది. గొంతు సవరించుకుని విషయం చెప్పింది. ఐదో ప్రశ్న తను అడుగుతుంది, తీర్పు చెల్లెలు చెప్పాలి. చిన్నత్తగారు ఒప్పుకుంది. అయితే ప్రశ్న తన ఫారాల్లోంచి అడగాలంది.

"అదెక్కడి న్యాయం?" అంది అత్తగారు. "నీ పేజీలు అది కంటితో కూడా చూడలేదు. ఎలా చెబుతుంది?"

"సోమవారం అడిగేవాళ్ళు బేసి ఫారమో సరి ఫారమో చూసుకుని అడుగుతారా అక్కా?"

ఆ మాట ముందు పెద్దకోడలికి తగిలింది, తర్వాత అత్తగారికి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇంతసేపూ గొడవ సెలవు గురించే. సెలవు దొరికినా సగం పుస్తకంతో వెళ్ళి ఏం రాస్తుంది? బండెక్కిన రాజును పట్టుకొచ్చి కార్మికుల మధ్య దించి వస్తుంది. ఈ నెలంతా తను చదివానని అనుకున్నది చదువే కాదా అని పెద్దకోడలికి దిగులేసింది.

అత్తగారు మాత్రం దిగులుపడే మనిషి కాదు. ఒక నిర్ణయానికి వచ్చినప్పుడు ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంటుంది. తోసుకుంది.

"ఐదో ప్రశ్న లేదు," అంది. "మా పెద్దది సోమవారం పరీక్షకి వెళ్తోంది. నా ఇంటి పిల్ల ఫెయిలయి రావడానికి వీల్లేదు. నీ కాగితాలు గుమ్మం దాటకూడదు, అది నాకూ తెలుసు. అందుకని రేపట్నుంచి శనివారం దాకా అది ఇక్కడే కూర్చుంటుంది. మడతలు పెడుతుంది, వింటుంది. కూలీ అక్కర్లేదు."

ఒక్కరోజు సెలవుకే ఐదు ప్రశ్నలు పెట్టిన మనిషి ఇప్పుడు వారానికి వారమే ఇచ్చేస్తోంది, అదీ ఇంత పని ఉన్నప్పుడు. పెద్దకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు అది చూసి, నిలబడి ఏడవడం కాదు, వెళ్ళి పని చూడమని కసిరింది. పెద్దకోడలు వెళ్ళలేదు.

చిన్నత్తగారు చేతిలోని మడతను చెక్కబద్దతో రుద్ది, పక్కన పేర్చి, అప్పుడు తల ఎత్తి అక్కను సూటిగా చూసింది.

"అదొక్కతే అయితే వద్దు," అంది. "నువ్వూ రా అక్కా. అదుగో, ఆ చివరి పీట ఖాళీగా ఉంది. శనివారం దాకా అక్కడ కూర్చుని, ఇక్కడ నేను ఎలా చెబితే అలా మడవాలి. మావాళ్ళకి నీ పేజీలన్నీ మొదట్నుంచీ కథలా చెప్పాలి. ఒప్పుకుంటే పొద్దున్నే ఇద్దరూ రండి. లేదా ఆ ఫారం ఇటిచ్చేసి వెళ్ళు."

అత్తగారు చివరి పీట వైపు చూసింది. వీధికి అవతల తన షెడ్డు వైపు చూసింది. అక్కడ గుమ్మం నిండా తలలు, వాటి వెనక మామగారు.

అత్తగారు పీట వైపు అడుగు వెయ్యలేదు. చేతిలో ఉన్న ఫారం మాత్రం తిరిగి ఇవ్వలేదు.